ఛాయాగ్రాహకుని కంప్యూటరు



పెండ్లి జరిగి నెల తిరుగకమునుపే పెండ్లివారు స్టూడియోకు వచ్చి, "ఆల్బమ్ ఎంతవఱకు వచ్చిందండీ?" అని అడుగుట నేడు తెలుగునాట ప్రతి పట్టణమునను వినబడు మాట. అడుగువారు ఎఱిగినది కెమెరాను, పందిరిలో మెఱసిన ఫ్లాషును. జీలకఱ్ఱ బెల్లము పెట్టు వేళ ఛాయాగ్రాహకుడు వేదికపై ఏ మూల నిలిచియుండెనో వారికి జ్ఞాపకమే. కాని పందిరి విప్పిన పిమ్మట, స్టూడియో వెనుకగదిలో ఒక బల్లముందు కూర్చుండి, వేలకొలది చిత్రములలో వందలను ఏఱి, ఒక్కొక్కదాని వెలుగునీడలను దిద్ది, రంగులను సరిచేసి, షీట్లుగా కూర్చి, ముద్రణకు పంపునట్టి దీర్ఘమైన పనిని కన్నులార చూచినవారు అరుదు. ఆ బల్లపై నుండు సామగ్రిని గూర్చియే నేటి నా ప్రసంగము. నా అభిప్రాయమును ముందుగనే మనవి చేసెదను: మన ఛాయాగ్రాహకులు కెమెరాకును, లెన్సులకును, కంప్యూటరు వేగమునకును ధారాళముగ ధనము వెచ్చించుచున్నారు, వీనియన్నిటి ఫలితమును కంటికి చూపునట్టి తెరను మాత్రము కొట్టువాడు ఏది యిచ్చిన దానితో సరిపెట్టుకొనుచున్నారు. చిత్రము యొక్క మంచిచెడ్డలు నిర్ణయింపబడుచోటు ఆ తెరయే యగుటచేత, ఈ అలక్ష్యము నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

డిజిటల్ చిత్రము పుట్టిననాటినుండియు తెర నాశ్రయించియే బ్రదుకుచున్నది. అమెరికాలోని రాచెస్టరు నగరమున, ఈస్ట్‌మన్ కొడక్ సంస్థలో పనిచేయుచుండిన స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు 1975లో మొదటి డిజిటల్ కెమెరాను నిర్మించెను. నిలువున 100, అడ్డమున 100 చుక్కలు గల చిత్రమును క్యాసెట్ టేపుపై నెక్కించుటకు దానికి 23 సెకనులు పట్టెడిది. ఆ టేపును చదువుటకు వేఱొక యంత్రమును, చూచుటకు ఒక టెలివిజను పెట్టెయు కావలసివచ్చినవి. మొదట తీసిన చిత్రమున ఒక యువతి జుట్టును వెనుకటి గోడయు పోల్చుకొన వీలైనదట గాని ముఖము చెదరి యుండెనట. తీగల కూర్పును తాఱుమాఱు చేసిన పిమ్మటనే ఆ ముఖము కనబడినది.

ఇంకొక ముచ్చట. మిచిగన్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచుండిన థామస్ నోల్ వద్ద 1987లో ఒక మెకింటాష్ ప్లస్ కంప్యూటరు ఉండెడిది. దాని తెర శుద్ధమైన నలుపును, శుద్ధమైన తెలుపును దప్ప, ఆ రెంటి నడుమనుండు బూడిద ఛాయలను చూపజాలకపోయెను. తండ్రిగారికి ఇంటి నేలమాళిగలో గల డార్క్‌రూమున బాల్యమునందే ఛాయాచిత్రములను కడుగుట నేర్చిన ఆ యువకునికి, నడిమి ఛాయలు లేని చిత్రము చిత్రమే కాదని తోచియుండును. ఆ ఛాయలు కన్నులకు గోచరించునట్లు చేయుటకై ఆయన ఒక చిన్న ప్రోగ్రామును వ్రాసికొనెను. చలనచిత్రములకు దృశ్యచమత్కృతులు కల్పించు సంస్థలో ఉద్యోగియైన సోదరుడు జాన్ నోల్ దాని ప్రయోజనమును గుర్తించెను. అన్నదమ్ములిరువురును కలసి పెంపొందించిన ఆ ప్రోగ్రామునే అడోబీ సంస్థ 1990 ఫిబ్రవరిలో ఫొటోషాప్ అను పేర వెలువరించినది. నేడు మన పట్టణములలో ఏ డిజైనరు బల్లపై చూచినను కనబడు ఈ సాధనము, ఒక తెర యొక్క లోపమును పూరించు ప్రయత్నమునుండి జనించినదని పెక్కుమంది యెఱుగరు.

ఇక కంప్యూటరు చేయవలసిన పని యెట్టిదో చూతము. కెమెరాలోని సెన్సారు రంగులను స్వయముగ గుర్తింపజాలదు. పడిన వెలుగు ఎంతయో మాత్రమే కొలుచును. అందుచేత దానిపై సూక్ష్మమైన ఎఱ్ఱ, పచ్చ, నీలి వడపోతగళ్లను పఱచి, ఒక్కొక్క బిందువునకు ఒక్కొక్క రంగును మాత్రమే అందనిత్తురు. కొడక్ సంస్థకే చెందిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ కూర్పునకు 1976లో పేటెంటు లభించినది. మానవనేత్రము పచ్చని కాంతియందే సూక్ష్మభేదములను ఎక్కువగా గ్రహించును గనుక, ఆ గళ్లలో సగము పచ్చనివి. మిగిలిన సగమును ఎఱుపును నీలమును చెఱిసగముగ పంచుకొనును. ప్రతి బిందువునకును లోపించిన రెండు రంగులను ఇరుగుపొరుగు బిందువులనుబట్టి లెక్కించి పూరింపవలెను. కెమెరా తానే ఈ లెక్కచేసి జేపెగ్ ఫైలుగ ఇచ్చినచో, ఒక్కొక్క మూలవర్ణమునకు 256 మెట్లు మాత్రమే దక్కును. ఆ లెక్కను కంప్యూటరునకే విడిచి, రా ఫైలును దాచుకొన్నచో, 14 బిట్ల కెమెరాలో 16,384 మెట్లు చేతనుండును.

ఈ భేదము అంకెలలో కంటె మధుపర్కములపై స్పష్టముగ తెలియును. తెల్లని నూలుబట్ట, దానికి సన్నని ఎఱ్ఱంచు, మీద వీడియోవారి ప్రచండమైన దీపము. జేపెగ్ చిత్రమున పెండ్లికొడుకు భుజముపైని ఉత్తరీయము తఱచుగా ఒక తెల్లని మరకవలె మిగులును. వెలుగు తగ్గించినను అది బూడిదరంగు మరక యగునే కాని మడతలు తిరిగిరావు. రా ఫైలునందైనచో, సెన్సారు నిండి పొరలిపోనంతవఱకు, వెలుగును తగ్గించినకొలది నేతలోని పోగులును, మడతల నడిమి లేతనీడయు, దానిపై చిలికిన పసుపునీటి జాడయు ఒక్కటొక్కటిగ పైకి వచ్చును. ఆ పని చూచుట నాకెన్నటికిని విసుగుపుట్టని వినోదము.

యంత్రపు శక్తిని గూర్చి రెండుమాటలు చాలును. మనవైపు పెండ్లిండ్లకు విశేషముగ వాడుకలోనున్న కరిజ్మా ఆల్బమ్ షీటు, తెఱచి పఱచినపుడు, 12 అంగుళముల యెత్తు, 36 అంగుళముల వెడల్పు. అంగుళమునకు 300 చుక్కల చొప్పున లెక్కించినచో 3,600 చుక్కల యెత్తు, 10,800 చుక్కల వెడల్పు. అనగా మొత్తము 3 కోట్ల 88 లక్షల 80 వేల చుక్కలు. చుక్కకు మూడు బైట్ల వంతున ఒక్క పొరకే 11 కోట్ల 66 లక్షల బైట్లు. నేపథ్యమున కొక పొర, దంపతుల చిత్రముల కొన్ని పొరలు, పూలతీగల కొకటి, నీడల కొకటి, పేర్ల కొకటి, చేసిన మార్పులను వెనుకకు త్రిప్పుటకై ఫొటోషాప్ దాచుకొను స్థితులు కొన్ని. ఇవి అన్నియు కూడినపుడు 8 జీబీల ర్యాము ఊపిరాడక కొట్టుకొనును. 16 జీబీలతో సరిపుచ్చుకొనవచ్చును. 32 జీబీలు సుఖము. పని జరుగు ఫైళ్లను ఎస్.ఎస్.డి.పై నుంచుకొనుట అవసరము. గ్రాఫిక్సు కార్డు వలన కొన్ని పనులు వేగిరపడును గాని, ఆటలాడువారికొఱకు తయారైన మిక్కిలి ఖరీదైన కార్డు ఆల్బమ్ చేయువానికి అనావశ్యకము. యూపీఎస్ లేకుండ మాత్రము పనిచేయరాదు. కరెంటు పోయిన ఒక్క క్షణములో పూటపని పోవును.

ప్రసంగవశమున వచ్చినది గనుక పేర్ల విషయము కూడ చెప్పెదను. ఆల్బమ్ మొదటి షీటుపై వధూవరుల నామధేయములు తెలుగున వ్రాయుట చక్కని ఆచారము. యూనికోడు తెలుగును నేరుగ ఫొటోషాప్‌లో అతికించినపుడు, అమరికలు సరిగ లేనిచో, వత్తులు అక్షరముల క్రిందికి చేరక ప్రక్కన విడిగ పడును. "లక్ష్మి" అను మాట మూడు ముక్కలై కూర్చుండును. అందువలననే మన డిజైనర్లు నేటికిని 'అను' అను పేరు గల ఫాంట్లను విడువకున్నారు. టైపు అమరికలలో దక్షిణాసియా లిపులకు తగిన పద్ధతిని ఎన్నుకొన్నచో, యూనికోడు అక్షరములును తమ రూపమును పొందును. కన్నబిడ్డ పేరు విఱిగిపోయిన ఆల్బమును తల్లిదండ్రుల చేతబెట్టుట తగదు కదా!

ఇప్పుడు అసలు విషయమైన తెరకు వత్తము. చవుక ల్యాప్‌టాపులలోని కొన్ని తెరలయందు తల కొంచెము ఎత్తినను దించినను రంగు మాఱిపోవును. కూర్చున్నపుడు సరిగ తోచిన ముఖవర్ణము లేచి నిలువగనే పాలిపోవును. ఐ.పీ.ఎస్. జాతి మానిటర్లయందు ఈ దోషము మిక్కిలి స్వల్పము. కాని మంచి మానిటరు కొన్నంతమాత్రమున పని ముగియదు. తయారుచేయువారు కొట్టులో నలుగురి కన్నులను ఆకర్షించుటకై దానిని అత్యంత ప్రకాశముతోను, కొంత నీలిపాలు ఎక్కువగను అమర్చి పంపుదురు. పూర్తి ప్రకాశమున చదరపు మీటరునకు 250 మొదలు 300 క్యాండెలాల వఱకు వెలుగు తెరముందు కూర్చుండి చిత్రమును దిద్దినవాడు, తెరపై బాగున్నదని తృప్తిచెంది, వెలుగు తగ్గించి పంపును. ల్యాబ్ నుండి షీట్లు రాగానే "ప్రింట్లు నల్లగా వచ్చినవి" అని ల్యాబువారిని నిందించును. కాగితమునకు స్వయంప్రకాశము లేదు. గదిలోని వెలుగును త్రిప్పికొట్టి మాత్రమే అది కనబడును. అందుచేత ముద్రణకొఱకు పనిచేయువారు తెర వెలుగును 80 మొదలు 120 క్యాండెలాల నడుమను, తెలుపును 6,500 కెల్విన్ సమీపమునను నిలుపుకొందురు.

ఇది కంటి అంచనాతో కుదురు పని కాదు. నేత్రము ఏ వెలుగునకైనను కొంతసేపటిలో అలవాటుపడి, ఎదుటనున్న తెల్లకాగితమును తెలుపనియే గ్రహించును. ఆ గుణమే ఇక్కడ మనలను మోసపుచ్చును. అందుకై క్యాలిబ్రేటరు అను చిన్న పరికరమున్నది. దాని తీగను కంప్యూటరునకు తగిలించి, కొలుచు ముఖమును తెరమధ్యమున ఆనించినచో, ప్రోగ్రాము ఎఱుపు, పచ్చ, నీలము, వివిధములైన బూడిదఛాయలు, ఒకదాని వెంట నొకటి ఆ చోట వెలిగించును. పరికరము ఒక్కొక్కదానిని కొలిచి, ఉండవలసినదానికిని ఉన్నదానికిని గల భేదమును లెక్కించి, ఆ తెరకు ఒక ప్రొఫైలును తయారుచేయును. కొద్ది నిమిషముల పని. పూర్తియైన వెంటనే తెర పసుపువాఱి, కాంతిహీనమైనట్లు తోచి, కొందఱు భయపడి పాత అమరికకే పోవుదురు. ఒక పూట ఓర్చుకొని పనిచేసినచో, పాతతెరయే నీలివిషము త్రాగినట్లుండెనని వారే గ్రహింతురు. కాలక్రమమున మానిటరు వెలుగు క్షీణించును గనుక నెలకొకమాఱు ఈ కొలత అవసరము. బంగారము తూచువాడు రాళ్లను సరిచూపించుకొనకుండ వ్యాపారము చేసినచో మనము సహింతుమా? రంగులను అమ్ముకొని బ్రదుకువాడు తెరను కొలిపింపకుండుట అట్టిదే.

తెర చుట్టునుండు గది కూడ తెరలో భాగమే. వెనుకగోడకు చిలుకపచ్చయో గులాబియో పూయించి, దాని కానుకొని మానిటరు నుంచినచో, ఆ గోడరంగు కంటిని తనవైపు లాగును. మధ్యాహ్నపుటెండ కిటికీలోనుండి తెరపై పడుచుండగా దిద్దిన చిత్రము రాత్రివేళ వేఱుగ నుండును. వర్ణములేని బూడిదరంగు గోడ, మందమైన నిలుకడ వెలుగు, షీట్లను పరీక్షించుటకు 5,000 కెల్విన్ సమీపమునందలి మంచి దీపమొకటి: ఇంతకు మించి గదికి ఖర్చు లేదు.

ఇంత శ్రద్ధ యెందులకందురా? పెండ్లికూతురి ఎఱ్ఱపట్టుచీరను చూడుడు. ఎఱుపు అతిగాఢమైనపుడు ఆ వర్ణపు అంకె 255 వద్ద కొట్టుకొని ఆగిపోవును. అక్కడినుండి మడతకును మడతకును భేదముండదు, బుట్టాల చుట్టునున్న నేత ముద్దకట్టును. తెర సత్యము చెప్పునదైనచో ఈ దోషము ముందే పట్టువడును, ఎఱుపు గాఢతను కొంచెము సడలించి నేతను కాపాడవచ్చును. తలంబ్రాల పసుపును ఇట్టిదే. అన్నిటికంటె ముఖ్యమైనది దేహవర్ణము. మండపమున పచ్చదీపముల వెలుగు ఒకవైపు, ఫ్లాషు వేఱొకవైపు. అబద్ధపు తెరపై దిద్దినవాడు చామనచాయ ముఖమును ఇటుకరంగునకో, సున్నపుతెలుపునకో త్రిప్పివేయును. కొందఱు కావలెననియే తెలుపు చేయుచున్నారు. మొటిమను తొలగింపవచ్చును, అది నాలుగు దినములలో పోవునదే. కాని పుట్టుమచ్చను, తల్లినుండి వచ్చిన మేనిచాయను చెఱపుటకు ఛాయాగ్రాహకునికి అధికారము లేదని నా దృఢవిశ్వాసము. ఇరువది యేండ్ల పిమ్మట ఆ యింటి బిడ్డ ఆల్బమ్ తెఱచి తన తల్లిని ఆనవాలు పట్టగలుగవలెను.

తెర సరియైన పిమ్మట ముద్రణ. ఒక యంత్రపు ఎఱుపు వేఱొక యంత్రపు ఎఱుపు కాదు గనుక, వానినడుమ దుబాసీతనము చేయుటకై కొన్ని సంస్థలు కూడి 1993లో అంతర్జాతీయ వర్ణసంఘమును స్థాపించి, ప్రొఫైళ్లకు ఉమ్మడి రూపము నేర్పఱచినవి. హెచ్.పీ., మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ అను వర్ణక్షేత్రమునందే మన ల్యాబులు సాధారణముగ ఫైళ్లను కోరును. అంతకంటె విశాలమైన అడోబీ ఆర్‌జీబీలో పనిచేయుట తప్పుకాదు. దానిని మార్చకుండ, ప్రొఫైళ్లను లెక్కచేయని ల్యాబునకు పంపుటయే తప్పు. అట్లు పంపిన చిత్రము వెలవెలబోవును. ల్యాబువారు ప్రొఫైలు నిచ్చినచో, దానిద్వారా ముద్రణరూపమును తెరపైననే ముందుగ చూచుకొను సౌకర్యము ఫొటోషాప్‌లోను, లైట్‌రూమ్‌లోను కలదు. ఆల్బమ్ మొత్తము ముద్రింపకమునుపు, ఎఱ్ఱచీర, తెల్లని మధుపర్కము, నల్లని జుట్టు, మూడును గల ఒక్క చిత్రమును చిన్న ప్రింటుగ తీయించి తెరప్రక్క నుంచి పోల్చుట ఇంకను మేలు.

స్వయముగ ముద్రించువారు మనలో తక్కువ. అయినను ఆ చరిత్ర వినదగినది. గ్రహమ్ నాష్ అను ప్రఖ్యాత గాయకుడు ఛాయాచిత్రములయందలి ప్రీతిచేత, ముద్రణాలయములవారు ప్రూఫులకొఱకు వాడుచుండిన ఐరిస్ అను ఇంకుజెట్ యంత్రమును, లక్ష డాలర్లకు పైబడిన వెలగలదానిని, సంపాదించి, 1991లో క్యాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ అను ముద్రణశాలను తెఱచెను. ఆ యంత్రము 2005లో స్మిత్‌సోనియన్ వస్తుప్రదర్శనశాలకు చేరినది. నాటి చిత్రములు మిక్కిలి మనోహరములే గాని, ఆ ఇంకులు వెలుగునకు త్వరలో వెలిసిపోయెడివి. హెన్రీ విల్‌హెల్మ్ 1993లో ప్రకటించిన వర్ణచిత్రముల శాశ్వతత్వమును గూర్చిన మహాగ్రంథము వంటి పరిశోధనలు ఈ విషయమున అందఱి కన్నులు తెఱపించినవి. 2000 ప్రాంతమునుండి బల్లపై నుంచుకొనదగిన ప్రింటర్లకు, నీటిలో కరగు రంగులకు బదులు సూక్ష్మచూర్ణరూపమైన పిగ్మెంట్ ఇంకులు వచ్చినవి. నేటి మేలైన ఫొటో ప్రింటర్లు 8 మొదలు 12 వఱకు ఇంకులను వాడును. బూడిదరంగులకే ప్రత్యేకమైన డబ్బీలుండును. గోడకు వ్రేలాడదీయు పెద్దచిత్రమునకు ఇవియే తగినవి. ఆల్బములకు ల్యాబులే చవుక.

చివరిమాట భద్రతను గూర్చి. ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడును, సికింద్రాబాదున స్టూడియో నడపినవాడును అగు రాజా దీనదయాళ్ 1905లో దివంగతుడయ్యెను. ఆయన గాజుపలకల నెగటివులు 2,800లకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. పలకను వెలుగునకు ఎత్తిపట్టిన చాలును, నూఱేండ్ల వెనుకటి ముఖము కనబడును. హార్డ్‌డిస్కు నెత్తి వెలుగునకు పట్టి ప్రయోజనము లేదు. అది యొకదినము టకటకమని చప్పుడుచేసి నిలిచిపోవుట విచిత్రము కాదు, సహజము. ఒకే డబ్బాలో రెండు డిస్కులను జతపఱచి, ఒకదాని ప్రతిబింబము వేఱొకదానిపై పడునట్లు చేయుటయు చాలదు; పొరపాటున చెఱపిన ఫైలు రెండింటను చెఱగును, దొంగ డబ్బానే ఎత్తుకొనిపోవును. పీటర్ క్రోగ్ అను అమెరికా ఛాయాగ్రాహకుడు ప్రచారము చేసిన సూత్రము అనుసరింపదగినది: మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములపై, అందొకటి వేఱొకచోట. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన రా ఫైలు సుమారు 25 మొదలు 30 మెగాబైట్లు. మూడువేల చిత్రముల పెండ్లికి ఇంచుమించు 75 మొదలు 90 జీబీలు. ఇంత సామగ్రికి మఱియొక డిస్కు కొనుట పెద్ద భారము కాదు. ఆ డిస్కును స్టూడియోలో గాక ఇంటిలో నుంచుడు. ఆల్బముతోపాటు దిద్దిన ఫైళ్లను కూడ పెండ్లివారికి ఒక డిస్కుపై ఎక్కించి ఇయ్యుడు. వేఱొక ఊర నున్న మేనమామ ఇంటికి ఒక ప్రతి పంపుడని వారికి చెప్పుడు.

పెండ్లినుండి తిరిగివచ్చిన రాత్రి అలసట యెంతయున్నను, కార్డులలోని చిత్రములను రెండు డిస్కులపైకి ఎక్కించి, ఫైళ్ల సంఖ్య సరిచూచి, రెండవ డిస్కునుండి మాంగల్యధారణ చిత్రమును, అప్పగింతల చిత్రమును తెఱచి, పూర్తి పరిమాణమున ఒకమాఱు చూడుడు. కార్డులను ఖాళీచేయుట ఆ తరువాతి పని.